ముత్తంగి దాటే లోపు

ఆ ఉదయం ఇంద్రజ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కంపెనీ బస్సులో మూడు వార్తలు చదవాలి. మధ్యాహ్నం స్టోర్స్ వెనక మెట్ల మీద కూర్చుని మొగుడితో కలిసి ఒకే డబ్బాలోంచి పులిహోర తినాలి. ఆ తరవాత వచ్చే ఇన్‌స్పెక్షన్‌ను నవ్వుతూ గట్టెక్కించాలి. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. కొత్త మెట్టెలు గచ్చు మీద టక్కుమన్నప్పుడల్లా ఎవరో తనను మెచ్చుకుంటున్నట్టే ఉంటోంది. అలాంటి మనిషికి మూడు వార్తలు చదవడం ఒక లెక్కా?

లెక్కే. పటేల్‌గూడలో బయల్దేరి రుద్రారం అవతల గేర్ల ఫ్యాక్టరీకి వెళ్లే ఆ బస్సులో వార్తలు చదవడం ఏళ్ల నాటి ఆచారం. చదివేది ఇంద్రజ మామగారు బాపిరాజు. టూల్ రూమ్‌లో అందరికన్నా సీనియర్. డ్రైవర్ వెనక మొదటి సీటు ఆయనది, మైకు ఆయనది. రోజూ ఒక వింత, ఒక రాజకీయం, ఒక విజ్ఞానం. రాజకీయం మాత్రం పరాయి దేశానిదే అయి ఉండాలి. ఒకసారి సొంత రాష్ట్రం వార్త చదివిన పాపానికి పటాన్‌చెరు దగ్గర బస్సు ఆపి ఇద్దరిని విడదీయాల్సి వచ్చింది. ఇంకో నియమం, ముత్తంగి జంక్షన్ దాటే లోపు వార్తలు అయిపోవాలి. దాటగానే డ్రైవర్ ముస్తఫా మైకు స్విచ్ కట్టేస్తాడు, ఫ్యాక్టరీ గేటు వచ్చేదాకా బస్సంతా నిద్రపోతుంది.

బాపిరాజుకు గొంతు పూడుకుపోయి, వారం రోజులు మాట్లాడవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఆయన మఫ్లర్ చుట్టుకుని రెండో సీట్లోకి మారి, మైకును కోడలి చేతిలో పెట్టారు. ఇంటి తాళాలు ఇచ్చినప్పుడు కూడా అంత గంభీరంగా లేరు. ఆ గాంభీర్యానికి కారణం డిస్పాచ్‌లో పనిచేసే పవన్. యూనియన్ ఎన్నికల్లో నిలబడ్డ కుర్రాడు. వార్తల బదులు తన ఫోన్లో పాటలు పెట్టాలని ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నాడు.

"బాపిరాజు సార్ వార్త ఒక్కనాడు తప్పు పోలే వదినా, అందుకే ఊకున్నం," అన్నాడు పవన్ బస్సెక్కుతూ. "నీది ఒక్కటి తప్పు పోయినా రేపటి సంది నా పాటలే."

"అలాగే. పాటలు మాత్రం ముందే వెతుక్కోకు, ఫోన్ ఛార్జింగ్ దండగ," అంది ఇంద్రజ.

ఆమె ధైర్యానికి లోటేమీ లేదు. లోటల్లా గొంతులోనే. బయల్దేరే ముందు అత్తగారు నాగేశ్వరి పులిహోరకు పెట్టిన ఎండుమిరపకాయల తాలింపు ఘాటు ఇల్లంతా నిండి, ఇంద్రజ గొంతులో కాస్త మిగిలిపోయింది.

మొదటి రెండూ బ్రహ్మాండంగా నడిచాయి. ఎక్కడో ఒక పట్టణంలో మేక కౌన్సిల్ సమావేశంలోకి దూరి తీర్మానం కాగితాలు నమిలేసిందని, అభ్యంతరం ఎవరూ చెప్పలేదు కనుక తీర్మానం నెగ్గినట్టే రాసుకున్నారని చదివితే బస్సు ఊగిపోయింది. ఒక చిన్న దేశంలో ఉదయం ప్రమాణం చేసిన మంత్రివర్గం సాయంత్రానికి పడిపోయిందని, మధ్యలో విందు మాత్రం సజావుగా సాగిందని చదివితే వెనక సీట్ల వాళ్లు చప్పట్లు కొట్టారు. మైకుకు మంగళసూత్రాలు తగిలి గలగలమంటుంటే, పక్క వరసలో కూర్చున్న మొగుడు వెంకట సాయి ప్రపంచంలో తనకొక్కడికే పెళ్లయినట్టు చూస్తున్నాడు.

ఇక విజ్ఞానం. "భోజనం చేశాక కాసేపు కునుకు తీస్తే, ఆ తరవాత చేసే పనిలో తప్పులు సగానికి తగ్గుతాయని శాస్త్రవేత్తలు కనిపెట్టారు," అని చదివి, తరవాతి వాక్యానికి ఊపిరి తీసుకోగానే తాలింపు ఘాటు పైకి తన్నింది. ఇంద్రజ గట్టిగా దగ్గింది.

అంతే. ముస్తఫా హారన్ మోగించి, లారీల మధ్యనుంచి బస్సును ఒక్క ఊపున దూకించి ముత్తంగి దాటించాడు. మైకు టక్కుమని ఆగిపోయింది. బస్సంతా కళ్లు మూసుకుంది. ఇంద్రజ కంగారుగా వెనక్కి తిరిగితే మామగారు రెండు బొటనవేళ్లూ ఎత్తి చూపిస్తూ మురిసిపోతున్నారు. ఆయన మెచ్చుకున్నాక ఇంక లోటేమిటనుకుని, చదవకుండా మిగిలిన వాక్యాలున్న పేపరు ముక్కను మడిచి బ్యాగులో పెట్టుకుంది. అందులో ఇలా ఉంది: "ఈ ప్రయోగం తేనెటీగల మీద జరిగింది. మనుషుల విషయంలో ఏమీ తేలలేదు."

రేపు చదవచ్చులే అనుకుంది.

టీ వేళకే రేపు చాలా దూరమైపోయింది. క్వాలిటీ విభాగంలో గేర్లకు కొలత చూసే గేజ్ పెట్టి సరిచూసుకుంటున్న ఇంద్రజ దగ్గరికి క్యాంటీన్ నడిపే ముత్యమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పొద్దున పది మంది వచ్చి, ఇవ్వాళ అన్నం తిన్నాక పండుకోవాలంట, కారం తగ్గించమన్నారని చెప్పింది.

"బిడ్డా, జెర నువ్వే చెప్పు. రసం వద్దు, పెరుగన్నం పెట్టమంటున్నరు. సైంటిస్టులు పెరుగన్నమే అన్నరా, ఇంకేమన్నా అన్నరా?"

ఇంద్రజ నిజం చెప్పేయబోయింది. నోరు కూడా తెరిచింది. సరిగ్గా అప్పుడే ముత్యమ్మ భుజం మీదుగా పవన్ కనిపించాడు, చెవిలో ఫోన్ పెట్టుకుని ఏదో పాట వింటూ తల ఊపుతున్నాడు. మొదటి సీటు, మైకు, మామగారి ముఖం ఆమె కళ్ల ముందు తిరిగాయి. "పెరుగన్నం మంచిదేలే," అంది.

క్వాలిటీ మేడమ్ ఖాయం చేసిందన్న మాట ముత్యమ్మ కంటే ముందే క్యాంటీన్ చేరింది. పవన్ మిషన్ షాపులో నిలబడి, తనను గెలిపిస్తే కునుకు తీసే ప్రతి మనిషికీ చాప ఇప్పిస్తానన్నాడు. ఎదుటి ప్యానెల్ వాళ్లు చాపకు తోడు దిండు అన్నారు. పవన్ వెంటనే టేబుల్ ఫ్యాన్ దాకా వెళ్లాడు. తనకు గిట్టని వార్త మీద తనే ఎన్నికలు నడుపుతున్నానన్న సంగతి అతనికి తట్టలేదు. ప్లాంట్ మేనేజర్ భీమశంకరం ఈ గొడవంతా విని, ఎన్నికల ముందు కాదంటే రభస అవుతుందని భయపడి, క్వాలిటీ విభాగం సిఫార్సు మేరకు ఈ ఒక్కరోజు ప్రయోగాత్మకంగా అనుమతిస్తున్నామని బోర్డు మీద రాయించాడు. ఇంద్రజ ఆ బోర్డును మూడుసార్లు చదువుకుంది. తను ఎప్పుడు సిఫార్సు చేసిందో ఎంత చదివినా గుర్తు రాలేదు.

స్టోర్స్ మెట్ల మీద పులిహోర తింటూ మొగుడికి అంతా చెప్పింది. వెంకట సాయి డబ్బాలో మిగిలిన పులిహోరను ఆమె వైపు జరిపాడు.

"తేనెటీగలు కూడా కష్టపడేవే కదా," అన్నాడు.

"సాయీ, నేను ఏడుద్దామనుకుంటుంటే నువ్వు నవ్విస్తావేంటి?"

"పెళ్లిలో అదే కదా ఒప్పుకున్నా," అని, స్టోర్స్‌లో దాచి ఉంచిన జిలేబీ పొట్లం విప్పాడు. ఆ రెండు నిమిషాలూ ఇంద్రజకు ప్రపంచం మీద ఫిర్యాదేమీ లేకపోయింది.

పొట్లం ఖాళీ అయ్యేసరికి మిషన్లన్నీ ఆగిపోయాయి. షాపులో నూట ఇరవై మంది అట్టపెట్టెలు విప్పి పరుచుకుని వరసగా పడుకున్నారు. బయట వాచ్‌మన్ గేటు తీసిన చప్పుడైంది. రోజూ గంటసేపు ఇరుక్కుపోయే ముత్తంగి జంక్షన్‌లో ఆరోజు ట్రాఫిక్ లేదట. పుణెలోని ట్రాక్టర్ కంపెనీ తరఫున గేర్లు పరీక్షించే కృష్ణప్రియ, చెప్పిన వేళకు చాలా ముందే వచ్చేసింది. భీమశంకరం ఆమెను వెంటబెట్టుకుని షాపు గుమ్మంలో నిలబడ్డాడు. ముందు వరసలో పవన్ చిన్నగా గురక పెడుతున్నాడు.

"ఇదేంటండీ?" అంది కృష్ణప్రియ.

"ఇది మా క్వాలిటీ విభాగం ప్రయోగమండీ. ఇంద్రజ గారు చెబుతారు," అని భీమశంకరం ఒక అడుగు వెనక్కి వేశాడు. బోర్డు మీద రాయించింది తన చేతికి అంటకుండా చూసుకున్న మనిషి ఆయన.

ఇంద్రజ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. అబద్ధం ఆడకూడదు, నిజం చెబితే మైకు పోతుంది. "ఇంకా మొదటి దశలోనే ఉందండి. మనుషుల మీద ఫలితం సాయంత్రం తెలుస్తుంది," అంది. ప్రతి మాటా నిజమే.

తెల్లవారకముందే లేచి పుణెలో విమానమెక్కిన కృష్ణప్రియకు ముత్యమ్మ పెరుగన్నం పెట్టింది, మీద దానిమ్మ గింజలు చల్లి. తిని, ఫైలు తెరిచి, ఫ్యాన్ కింద కుర్చీలో మొదటి పేజీ మీదనే తల వాల్చేసింది. ఆమెను లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. షాపులో వాళ్లంతా లేచి మిషన్లు వేసుకున్నాక ఆ చప్పుడుకే ఆమె కళ్లు తెరిచి, ఏమీ జరగనట్టు కొలతలు మొదలుపెట్టింది.

రోజూ భోజనం తరవాత తయారైన గేర్లలోంచి కొన్ని గేజ్‌లో సరిగ్గా కూర్చోక పక్కన పెట్టాల్సి వచ్చేవి. ఆరోజు ఆమె ఏది తీసినా సరిగ్గా కూర్చుంది. ఇంకో బుట్ట తెప్పించింది. అదీ అంతే. భీమశంకరం మెల్లగా ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మా ఫ్యాక్టరీలో కూడా పెట్టిస్తాను. ఆ పరిశోధన వివరాలు నాకు మెయిల్ చేయండి," అంది కృష్ణప్రియ సంతకం చేస్తూ.

పటేల్‌గూడ బస్సులో మొదలైన తేనెటీగలు పుణెకు ప్రయాణం కట్టాయి. ఇక దాచడం కుదరదనుకుంది ఇంద్రజ. పేపరు ముక్కను ఫోటో తీసి, తేనెటీగల వాక్యం కింద గీత గీసి, అక్కడికక్కడే మెయిల్ చేసింది. బస్సు వాళ్లకు మర్నాడు ఉదయం మొట్టమొదటి వార్తగా ఇదే చదవాలని నిశ్చయించుకుంది. మైకు పోతే పోనీ. మామగారు వినిపించేవి నిఖార్సైన వార్తలని అందరూ నమ్మేది ఇలాంటి నిజాయితీ చూసే కదా.

సాయంత్రం బస్సులో ముందుకు వెళ్లి ముస్తఫాను అడిగింది.

"పొద్దున వార్త సగంలో ఉండగా మైకు ఎందుకు కట్టేశారు భాయ్?"

ముస్తఫా అద్దంలో ఆమెను వింతగా చూశాడు. "నువ్వే దగ్గినవ్ గదమ్మా."

"దగ్గితే?"

"గదే ఇషారా. వార్తల మజా ఉన్నంత సేపు సార్ సదువుతడు. అది ఎలకల మీద చేసిన్రు, ఇంకా పక్కా కాలేదు, గిసొంటి పరేషాన్ ముచ్చట రాంగనే దగ్గుతడు. నేను జల్దీ ముత్తంగి దాటిస్త. ఇన్నేండ్ల సంది గిట్లనే నడుస్తుంది. కోడలికి నేర్పిండనుకున్న నేను."

ఇంద్రజ నెమ్మదిగా వెనక్కి తిరిగింది. బాపిరాజు మఫ్లర్‌లో ముఖం దాచుకుని కిటికీ బయట గోదాములను అతి శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. ఆయన వార్త ఒక్కనాడూ తప్పు పోకపోవడంలోని రహస్యం, ఉదయం ఆ రెండు బొటనవేళ్లు ఎందుకు లేచాయో, రెండూ ఒకేసారి అర్థమయ్యాయి. నవ్వు ఆపుకోవడానికి ఆమె మొగుడి భుజాన్ని గిల్లాల్సి వచ్చింది.

అయినా మర్నాడు ఇంద్రజ వెనక్కి తగ్గలేదు. బస్సెక్కేసరికి కృష్ణప్రియ జవాబు కూడా వచ్చి ఉంది. తేనెటీగలైతే మరీ మంచిదని, తమ యాజమాన్యం మనుషుల మాట ఎలాగూ వినదని రాసింది. ఆ ఉత్సాహంతో ఇంద్రజ పేపరు ముక్క విప్పి, మైకు నోటికి దగ్గరగా పట్టుకుంది.

"అందరికీ నమస్కారం. నిన్నటి కునుకు వార్తలో చదవకుండా మిగిలిపోయిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ ప్రయోగం..."

రెండో సీట్లోంచి పెద్ద దగ్గు వినిపించింది. డాక్టర్ మాట్లాడవద్దన్నాడు గాని దగ్గవద్దనలేదు. ఇంద్రజ గొంతు పెంచింది. ఈసారి క్యాంటీన్ వాళ్ల వైపు నుంచి దగ్గు. ఆ వెనకే, చాపలు, ఫ్యాన్లు హామీ ఇచ్చి ఓట్ల లెక్కలో మునిగి ఉన్న పవన్, ఊపిరితిత్తులు బయటికి వస్తాయా అన్నట్టు దగ్గాడు. మైకు టక్కుమని ఆగిపోయింది.

"ముత్తంగి అచ్చింది మేడమ్," అన్నాడు ముస్తఫా.

బస్సంతా కళ్లు మూసుకుంది. ఇంద్రజ కిటికీలోంచి బయటకు చూసింది.

బస్సు ఇంకా పటేల్‌గూడ మలుపు కూడా తిరగలేదు.