బాణాన్ని సరిదిద్దిన కమిటీ

మనిషి చేతికి ఏం కావాలో ఆ చేతికే తెలియదనీ, తెలుసుకునే బాధ్యత తమదేననీ పటాలు గీసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక సంస్థ గంభీరంగా ప్రకటించింది. వెంటనే పదకొండు మందితో ‘తెలివి పెంపుదల కమిటీ’ వేసింది. (వారిలో ఒక్కరూ ఏనాడూ పటం గీయలేదు. పక్షపాతం ఉండకూడదు కదా.)

సంస్థలోని డిజైనర్ మాత్రం ఒక ఆసుపత్రికి వెళ్ళి, పెద్ద నర్సు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మంటలు చెలరేగితే రోగులు బయటపడే దారిని నర్సు ఈ సాఫ్ట్‌వేర్‌లోనే గీస్తుంది. పటంలో గదిని జరిపినప్పుడల్లా దారి చూపే బాణాలు ఊడిపోతున్నాయి.

“గదితోపాటే బాణమూ రావాలమ్మా. అంతకుమించి నాకేం వద్దు” అంది నర్సు.

డిజైనర్ ఆ మాటే కమిటీకి చెప్పింది.

“ఇంతేనా? మరి ఇందులో తెలివెక్కడుంది?” అన్నాడు అధ్యక్షుడు.

ఆరు నెలలకు తెలివైన బాణం విడుదలైంది. వంకర కనబడితే అడక్కుండానే సాఫు చేస్తుంది. మెట్లవైపు మూడు మలుపులు తిరిగేలా నర్సు గీసిన దారి దానికి నచ్చలేదు. ఒకే గీతతో తేల్చేసింది. నర్సు సెలవులో ఉండగా గుమాస్తా ఆ పటాన్ని ముచ్చటపడి గోడకు అతికించాడు.

తర్వాతి వారం మంటలొస్తే తప్పించుకోవడం నేర్పే ఫైర్ డ్రిల్‌లో అలారం మోగింది. పటాన్ని నమ్మిన తొమ్మిది మంది రోగులు ఆ గీత చూపినట్టే నేరుగా దుప్పట్ల గదిలోకి వెళ్ళారు. ఆ తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది. నర్సు వాళ్ళను వెతికి తలుపు తీసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

“నిజంగా పొగ వచ్చుంటేనో, సిస్టర్?” అన్నాడు చక్రాల కుర్చీలోని తాత.

డిజైనర్ ఫిర్యాదు పట్టుకెళ్ళింది. అధ్యక్షుడు పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బాణంలో లోపం లేదు. మెట్లే తప్పుచోట కట్టారు.”

“గోడలు జరపడానికి వాళ్ళ దగ్గర సాఫ్ట్‌వేర్ లేదండీ” అంది డిజైనర్.

ఆమెను సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకంలో కామాలు దిద్దే విభాగానికి మార్చారు. (పదోన్నతి అని కాగితంలో ఉంది.)

నర్సు పెన్నుతో సరైన దారి గీసి గోడకు పెట్టింది. తనిఖీ అధికారి వచ్చి కళ్ళజోడు సవరించుకున్నాడు.

“దారి కరెక్టేనమ్మా. గీతలే బాలేవు. కంప్యూటర్‌లో గీసిందే ఉండాలి.”

ఇప్పుడు గోడమీద ఆమోదం పొందిన పటమే, అద్దం వెనక, ముద్రతో సహా ఉంది. కొత్త రోగి మంచం ఎక్కగానే నర్సు దుప్పటి సర్దుతూ చెవిలో చెబుతుంది:

“నిప్పంటుకుంటే దాన్ని మాత్రం చూడకండి.”