నోటీసు పీరియడ్ అనే గురుకులం

జూన్ రెండో తేదీ సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, కొండాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో భ్రమరాంబ రాజీనామా చేసింది. వయసు నలభై తొమ్మిది. కారణం, ప్రాచీన సాహిత్యంలో ఎం.ఏ. చదవాలి.

కంపెనీ పనిలోంచి వదిలేసినట్టు రిలీవింగ్ లెటర్ తెస్తేనే సీటు, ఆఖరు తేదీ జూలై పదకొండు అంది యూనివర్సిటీ. నోటీసు పీరియడ్ తొంభై రోజులు, ఆగస్టు నెలాఖరు దాకా కదలడానికి లేదు అంది కంపెనీ.

అయ్యో పాపం అనకండి. నోటీసు పీరియడ్‌ను మించిన విద్యాలయం ఈ ఐటీ కారిడార్‌లో ఇంకోటి ఉందా? కొత్త పని ఇవ్వరు, ఎలాగూ పోయే మనిషి కదా. పోనివ్వరు, ఆమె లేకపోతే కంపెనీ ఆగిపోతుంది కదా. ఏసీ ఉంటుంది, కాఫీ ఉంటుంది, వైట్‌బోర్డు ఉంటుంది. ఏ గురుకులంలో ఇన్ని ఉన్నాయి?

ఆమె చేయాల్సింది ఒక్కటే, తన పనిని, తన స్థానంలోకి వచ్చే కుమార్‌కు నేర్పడం. ఆఫీసులో దాన్ని కేటీ అంటారు. కుమార్ కెమెరా ఆపేసి వినేవాడు. వింటున్నాడనే అందరి నమ్మకం. మిగతా పొద్దంతా భ్రమరాంబ వైట్‌బోర్డు మీద పద్యాలకు గణాలు కట్టుకునేది. లఘువుకు I, గురువుకు U.

"ఏంది మేడం, బోర్డంత గీతలే. తుడవమంటరా?" అంది హౌస్‌కీపింగ్ నర్సమ్మ.

"వద్దు నర్సమ్మా, ఎం.ఏ. పరీక్షకు ఇప్పట్నుంచే చదువుకుంటున్నాను."

"గీ వయసులనా? ఫెయిలైతే?"

"మళ్లీ రాస్తాను."

"మా పెద్దోడు గూడ గదే అంటడు మేడం."

మేనేజర్ మధు ఆ బోర్డును చూసి కొత్త సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ అనుకున్నాడు. ఫోటో తీసి క్లయింట్‌కు పంపాడు. క్లయింట్ బాగుందన్నాడు.

జూలై ఏడున ఆమె మధు దగ్గరకు వెళ్లింది. "శుక్రవారం లోపు పంపకపోతే నా సీటు పోతుందండీ."

"జర అర్థం చేసుకోండి మేడం. ఆ డిజైన్ మీకు తప్ప ఎవరికీ తెల్వదు. మీరు పోతే మేం పరేషాన్ అయితం."

"అది డిజైన్ కాదు మధు గారూ, పద్యం."

"క్లయింట్ అప్రూవ్ చేసిండు మేడం."

చూశారా, ఎంత గౌరవమో! ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమె లేనిదే నడవదని ఎవరూ అనలేదు. రాజీనామా చేశాకే అన్నారు. మీకూ ఆ మాట వినాలని ఉంటే ఒక రాజీనామా పెట్టి చూడండి.

జూలై పది, గురువారం, మూడు గంటలకు ఆమెను వీడియో మీటింగ్‌కు పిలిచారు. హెడ్డాఫీసు నుంచి ఉద్యోగాలు తగ్గించే జాబితా వచ్చింది. అందులో ఆమె పేరుంది. ఆమె రాజీనామా చేసిన సంగతి జాబితా రాసినవాళ్లకు తెలియదు. మూడూ పదికి లాప్‌టాప్ లాక్ అయింది. మూడుంబావుకు రిలీవింగ్ లెటర్ ఆమె సొంత మెయిల్‌కు వచ్చింది. తక్షణం అమల్లోకి వస్తుందని అందులో ఉంది. కేటీ గురించి ఎవరూ అడగలేదు.

శుక్రవారం పదకొండున్నరకు గోపన్‌పల్లి దగ్గరి యూనివర్సిటీ ఆఫీసులో భ్రమరాంబ ఆ లెటర్ ఇచ్చింది. సీటు ఖాయమైంది. రోల్ నంబర్ పదిహేడు.