మూడో కోటింగు కారం

ఆ రోజు మేకమాంసం కూర తనే వండుతానని పెయింటరు పొద్దున్నే తేల్చేశాడు. మధ్యాహ్నం వియ్యంకుడు భోజనానికి వస్తున్నాడు. కిందటిసారి వచ్చినప్పుడు ఆయన, "బావగారూ, మీ ఇంటి కూర రోగికి పెట్టినట్టుంది" అని నవ్వి వెళ్ళాడు. ఆ మాట అక్కడితో ఆగలేదు. అత్తవారింట్లో కూతురు గరిటె పట్టుకున్నప్పుడల్లా "పుట్టింటి చప్పిడి చెయ్యి" అనిపించుకుంటోంది. ఇవాళ ఆ నోరు మూయించాలి.

పెయింటరుకి ఈమధ్యే కంటి ఆపరేషను అయింది. డాక్టరు ఇచ్చిన నల్లద్దాలు తీయకూడదు. అయినా అతనికి దిగులు లేదు. ఇన్నాళ్ళూ రంగులన్నీ కంటిచూపుతో కలిపినవాడే.

ఉల్లిపాయలు వేగాయి. ముక్కలు పడ్డాయి. సన్నసెగ మీద కూర ఉడుకుతోంది. మూత తీసి చూస్తే మట్టిరంగు. గరిటెడు కారం వేశాడు. కాసేపాగి చూస్తే మళ్ళీ మట్టిరంగే.

"మొదటి కోటింగు ఎప్పుడూ పీల్చేసుకుంటుంది" అంటూ రెండో గరిటె వేశాడు.

భార్య గుమ్మం దగ్గర నిలబడి దగ్గింది. "ఒక్క చుక్క నోట్లో వేసుకుని చూడండి మహానుభావా!"

"గోడకి రంగేసేవాడు గోడని నాకి చూస్తాడటే?"

"పోనీ, ఆ అద్దాలన్నా తీసి చూడండి."

"డాక్టరు వద్దన్నాడుగా. కూర కోసం కళ్ళు పోగొట్టుకోమంటావా?"

ఘాటు గోడ దాటింది. పక్కింటి టైలరు మిషను ఆపి తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. ఏదో అంటుకుందనుకుని బకెట్టు నీళ్ళతో పరిగెత్తుకొచ్చాడు. వంటింటి నిండా ఆవిరి. ఆవిరిలో నల్లద్దాల మనిషి, చెంపల మీద కన్నీళ్ళు.

"అన్నయ్యా, తప్పుకో!" అని బకెట్టు కుమ్మరించేశాడు. పొయ్యి ఆరింది. సగం నీళ్ళు గిన్నెలోకే పోయాయి.

"కూరని చెరువు చేశావు కదరా!"

"కూరా? మరి ఏడుస్తున్నావేంటి?"

గిన్నె మళ్ళీ పొయ్యెక్కింది. నీళ్ళు ఇంకేసరికి వియ్యంకుడు వచ్చే వేళయింది. రంగు మాత్రం మరీ వెలిసిపోయినట్టు కనిపించింది. పెయింటరు ఇంక గరిటె వెతకలేదు. డబ్బానే బోర్లించాడు.

వియ్యంకుడు చేతిలో రుమాలుతో వచ్చి, ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాడు. పెయింటరు భార్య నీళ్ళ చెంబు పట్టుకుని సిద్ధంగా నిలబడింది. కూర చెడితే తప్పు తన నీళ్ళదేనేమోనని టైలరు తలుపు చాటునే ఉన్నాడు.

వియ్యంకుడు మొదటి ముద్ద మింగాడు. మొహం కందగడ్డయింది. నెత్తి మీంచి చెమట కారింది. రుమాలు తీసి ఇల్లదిరేలా చీదాడు.

పెయింటరు గబగబా నీళ్ళ చెంబు అందుకోబోయాడు.

"అబ్బ! ఎన్నాళ్ళ పడిశమో బావగారూ! మందులకి లొంగలేదు. ఇప్పుడు రెండు ముక్కులూ తెరుచుకున్నాయి!" అని వియ్యంకుడు కంచం ముందుకి జరిపాడు. "ఇంకో రెండు ముక్కలు వెయ్యమ్మా చెల్లెమ్మా. మా కోడలి పుట్టింటి చెయ్యిని ఇంకెవరైనా ఏమన్నా అంటే నేనూరుకోను!"

పెయింటరు ఛాతీ విరుచుకుని భార్య వైపు చూశాడు.

"మీరు నిలబడ్డారేం? కూర్చోండి!" అని వియ్యంకుడు తన చేత్తోనే అతనికి వడ్డించాడు.

పెయింటరు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చెవులు గుయ్యిమన్నాయి. నల్లద్దాల వెనక నీళ్ళు నిండిపోయి కంచమే కనబడలేదు. ఇంక గత్యంతరం లేక అద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుని కూర వైపు చూశాడు. ఎర్రగా భగభగలాడుతోంది.

"ఎలా ఉందండీ?" అంది భార్య, చెంబు అందించకుండానే.

"రంగుకి మాత్రం వంక పెట్టడానికి లేదు" అన్నాడు పెయింటరు.