కుడికే పోయే బాణాలు

ఆ శుక్రవారం పొద్దున మాల్యాద్రి పెట్టుకున్న పని ఆవగింజంత. సద్దన్నం తిని, కొత్త బాణాన్ని నాలుగుసార్లు వేసి చూసుకుని, ఆనక శెనగచేలోకి పోవాలి. మర్నాడు ఆత్మకూరులో క్రిస్మస్ ఆటల పోటీలు. బాణాల పందెంలో గెలిచినవాడికి పాడిమేక.

ఆ మేకను తేకపోతే మాల్యాద్రికి గడప లోపల చోటు లేదు. ఎందుకంటే భార్య శీనమ్మ చర్చికి పోయిన సందు చూసి, ఆమె పెంచుకుంటున్న చీలిచెవి మేకను బామ్మర్ది హెన్రీకి ఇచ్చేసి, బాణాలకని ఆరు కార్బన్ పుల్లలు పుచ్చుకున్నాడు మహానుభావుడు.

"పాలిచ్చే మేకనిచ్చి గొడుగుపుల్లలు తెచ్చినావా? రేపు మేకతో వస్తే రా. లేదంటే ఆ పుల్లలే పిండుకుని కాఫీ తాగు" అంది శీనమ్మ. ఆ కోపంలోనే పాత రెల్లు బాణాలన్నీ నీళ్లపొయ్యిలో పెట్టేసింది.

హెన్రీ బెజవాడలో విలుకాళ్ల క్యాంపుకు వంట చేసి వచ్చినవాడు. వంటతో పాటు ఈ విద్యా పట్టేశాడు. "విల్లుకర్ర అడ్డం ఉంటాది గదా బావా, బాణం దాన్ని చుట్టుకుని వంగిపోవాల. ఈకలు కట్టకుండా ఒట్టి పుల్ల వేసి చూడు. కుడికి పోయిందా, పుల్ల మెత్తన. కొంచెం కోస్తే బిర్రవతాది. ఎడమకు పోయిందా, మరీ బిర్రు. మొనకు బరువు పెంచు" అని చెప్పిపోయాడు.

మొదటి పుల్ల కుడిపక్క గడ్డివాములో దిగింది. "మెత్తన!" అని మాల్యాద్రి హాక్సా బ్లేడు తీశాడు. ఆరూ సమానంగా ఉండాలి గనుక ఆరింటినీ వేలెడు కోశాడు. రెండోసారి పుల్ల ఇంకా కుడికి పోయి, పక్కింటి వెంకమ్మ మంచం మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాల్లో దూరింది. మళ్లీ కోశాడు. మూడోది ఆ అవతలింటి గురుస్వామి దండెం మీది పంచెను చీల్చింది.

"నేను ఆ పంచెలో ఉండుంటే ఏందిరా?" అని గురుస్వామి చిరుగులోంచి తొంగిచూశాడు.

"కుడిపక్కకు రాబాక మామా, పుల్ల ఇంకా మెత్తన!" అని మాల్యాద్రి మళ్లీ కోశాడు. మధ్యాహ్నానికి పుల్ల ఎంత పొట్టిదయిందంటే, దవడదాకా లాగితే మొన విల్లు దాటి వెనక్కొచ్చి పిడికిలిని పొడిచింది.

గడ్డిమోపు దించిన శీనమ్మ కాసేపు చూసింది. "మా తమ్ముడు ఏ చేత్తో లాగతాడు?"

"కుడిచేత్తో."

"నువ్వు?"

మాల్యాద్రి తన చెయ్యి చూసుకున్నాడు. పుట్టినప్పటినుంచీ పుర్రచెయ్యే. ఎడమచేతివాళ్లకు లెక్క తిరగబడుతుంది. కుడికి పోయిందంటే పుల్ల బిర్రుగా ఉన్నట్టు. పొద్దుటినుంచీ బిర్రుపుల్లనే కోసి కోసి కడ్డీ చేశాడు.

"వాడు కుడిచేతికి చెప్పినాడు, నువ్వు పుర్రచేతికి కోసినావు. కోసిన పుల్ల అతుకుతాదా?" అంది శీనమ్మ. తర్వాత తనే అంది: "ఈకలు కట్టు. ఇంక కోయబాక. దవడదాకా కాదు, పుల్ల అందినంతే లాగు. ఎప్పుడూ ఒకే పక్కకు, ఒకే కొలతన పోతా ఉంటే అది తప్పు కాదు, అలవాటు. నీతో పదేళ్లు ఏగినదాన్ని, నాకు తెలవదా? ఎంత కుడికి పోతాదో చూసుకుని అంత ఎడమకు గురిపెట్టు."

మర్నాడు ఆత్మకూరులో ఆ 'అంత ఎడమ' చోట కుర్చీ వేసుకుని కూర్చున్నది జడ్జి జనార్దనయ్య, రిటైరైన డ్రిల్లుమాస్టరు. మాల్యాద్రి నేరుగా ఆయన బొజ్జకు గురిపెట్టాడు.

"ఒరేయ్, బోర్డు అక్కడుండాదిరా!"

"తెలుసు సార్. మీరు కదలబాకండి, గురి తప్పతాది."

ఆయన కుర్చీతో సహా బోర్లాపడ్డాడు. బాణం మాత్రం కుడికి తిరిగి బోర్డు నడిబొడ్డున దిగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఆపైన బాణం వేయాల్సినవాళ్లు కూడా భయంతో నేలకు కరుచుకుని లేవలేదు; పందెం మాల్యాద్రిదే.

బహుమతి మేకను పూలదండతో తీసుకొచ్చారు. అది జనంలో ఉన్న శీనమ్మను చూసి 'మే' అంటూ తాడు తెంపుకున్నంత పనిచేసింది. చెవి చూస్తే చీలిచెవి.

"ఈ మేకను దానమిచ్చిన దాత మన హెన్రీగారు!" అని మైకు చెప్పింది. చప్పట్లకు లేచి నిలబడ్డ హెన్రీ, అక్కను చూసి కూర్చున్నాడు.

ఆ ఆరు పుల్లలూ ఇప్పుడు శీనమ్మ చిక్కుడుపాదుకు ఊతం. పాదు కూడా కుడికే పాకుతోంది.