అచ్చుల విలీనం

1948 సెప్టెంబరు నెల. ఆ ఉదయం బడికి వెళ్లేలోగా గ్రీకు అచ్చులు కంఠతా పట్టెయ్యాలనుకున్నాడు మెట్టుగూడ మిషన్ బడి పంతులు జ్ఞానశేఖర్. సువార్తను మూలభాషలో చదవాలని ఆయన కోరిక. పూర్వం గ్రీకులు వేరువేరుగా పలికిన అరడజను అచ్చులు శతాబ్దాలు గడిచేసరికి ఒక్క ‘ఈ’లో కలిసిపోయాయట. నోటుబుక్కు అట్ట మీద ‘అచ్చుల విలీనం’ అని రాసుకుని, "ఈ... ఈ... ఈ..." అని మొదలుపెట్టాడు.

పక్కింటి జంగయ్య గోడకు చెవి ఆనించాడు. రహస్య వైర్‌లెస్ యంత్రాల కోసం నిజాం పోలీసులు ఇల్లిల్లూ గాలిస్తున్నారని ఊరంతా గుసగుసలు. "పంతులింట్ల వైర్‌లెస్ కూస్తున్నది" అని కుళాయి దగ్గర ఎవరి చెవినో వేశాడు. బడి వేళ కాకముందే పోలీసు అమీను ఇద్దరు జవాన్లతో వచ్చి తలుపు బాదాడు.

యంత్రం దొరకలేదు. నోటుబుక్కు దొరికింది.

"గిదేం అక్షరం?"

"ఈ అండీ."

"గిది?"

"అదీ ఈ యేనండీ."

"గిది సుత ఈ యేనా? నాతోని మజాకా?"

"అయ్యో, లేదండీ! ముందు వేరువేరుగా ఉండేవి. తర్వాత విలీనమైపోయాయి."

పంతులు భార్య మార్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. హైదరాబాదు ఇండియాలో విలీనం కావాలన్నవాళ్లను జైళ్లలో కుక్కుతున్న రోజులవి. మొగుడి నోరు మూసేలోపే అమీను అట్ట తిప్పి చూశాడు. అక్కడా అదే మాట.

పంతులును లాక్కెళ్లి మూడు రోజులు ఠాణాలో పెట్టారు. బూట్ల చప్పుడైతే చాలు, ప్రార్థన మధ్యలో మరిచిపోయేవాడు. నాలుగోనాడు "విలీనానికి నేను బద్ధవ్యతిరేకిని" అని రాసి, సంతకం చేసి బయటపడ్డాడు.

వారం తిరక్కుండానే నిజాం లొంగిపోయాడు. యూనియన్ సైన్యాధికారి ఠాణా కాగితాలు తిరగేసి, పంతులును పిలిపించాడు.

"నేను రాకపోతే పిల్లల్ని తీసుకుని మీ అన్నయ్య దగ్గరికి వెళ్లిపో" అని మార్తతో చెప్పి బయలుదేరాడు జ్ఞానశేఖర్.

బల్ల మీద ఆయన సంతకం పెట్టిన కాగితం. అధికారికి తెలుగు రాదు. చదివి చెప్పడానికి పక్కన నిలబడ్డది ఆ అమీనే. పంతులును లోపలేసినందుకు తననేం చేస్తారోనని అతనూ గుమ్మం వైపే చూస్తున్నాడు.

"పంతులూ, జెర చుప్ ఉండు" అని గొణిగి, అమీను నోటుబుక్కు పైకెత్తి అధికారికి ఉర్దూలో చెప్పాడు. "సాబ్, విలీనం కావాలని ఈయన పుస్తకమే రాసిండు. అందుకే లోపలేసిండ్రు. నేనే పరేషానయ్యి ఇడిపించిన. కావాలంటే అడుగుండ్రి."

జ్ఞానశేఖర్ తల ఊపాడు. అధికారి లేచి కరచాలనం చేశాడు.

ఆదివారం దేశభక్తుడికి సన్మానం జరిగింది. దండ వేసింది అమీను, చప్పట్లు మొదలుపెట్టింది జంగయ్య. ఇక దేనికి భయపడాలో తేల్చి చెప్పేవాళ్లు లేక, జ్ఞానశేఖర్ అన్నిటికీ భయపడటం మొదలుపెట్టాడు.