పెళ్లిలో మాయమైన గ్రాఫిక్స్ కార్డు

"నేరస్థులారా, లొంగిపోండి! బాన్సువాడ గడ్డ మీద గోపీచంద్ అనే పిడుగు పుట్టిండని మరువకుండ్రి!"

ఫంక్షన్ హాలు వెనక, వంట గిన్నెల మధ్య నిలబడి గోపీచంద్ ఈ ప్రకటన చేసినప్పుడు చెవిన వేసుకున్నది మునీర్ ఒక్కడే. చుట్టుపక్కల నేరస్థులు ఉన్నారేమో గాని వాళ్లు ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. గోపీచంద్‌కు ఊళ్లో పైపుల దుకాణం ఉంది. దాని బోర్డు మీద పైపుల ధరల కింద "సకల రహస్యాలు ఛేదించబడును" అని కూడా రాయించాడు. ఇంతవరకూ పైపులే అమ్ముడుపోయాయి.

మునీర్ బాధ మునీర్‌ది. అతను పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. ఆ రోజు పెళ్లి మంజులత కూతురు ప్రియదర్శినిది. నిజాంసాగర్ కట్ట మీద జంటను నడిపించి, పరిగెత్తించి, గాలికి చున్నీ ఎగరేయించి తీసిన సినిమాను సాయంత్రం రిసెప్షన్‌లో పెద్ద తెర మీద వేయాలి. బీర్కూర్ నుంచి వర్ని దాకా ఉన్న చుట్టాలందరికీ మంజులత ముందే చాటింపు వేసేసింది. తెర మీద బొమ్మ పడకపోతే మునీర్ ఈ చుట్టుపక్కల మళ్లీ కెమెరా ఎత్తలేడు.

ముక్కముక్కలుగా తీసినదాన్ని సినిమాగా అతకాలంటే కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు కావాలి. అదే లేదు. కొత్త కార్డు వస్తోందని ఏడాదిగా ఒకటే ఊరింపు. దసరాకన్నారు, దీపావళికన్నారు. యూట్యూబులో ఒకడు పాత కార్డులు ఇక చెత్తకుప్పకే అన్నాడు, ఇంకొకడు కొత్తది రానే రాదని ఒట్టేశాడు. విడుదల రేపే అన్న మాట నమ్మి మునీర్ పాత కార్డు అమ్మేశాడు. ఆ 'రేపు' రావడానికి నెల పట్టింది. మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోవడం అంటే ఇదే.

చివరికి నిన్న విడుదలైంది. ప్రియదర్శిని మేనమామ ఆశన్న కొడుకు కృష్ణ హైదరాబాద్‌లో తోపులాటలో చొక్కా చింపుకుని మునీర్ కోసం ఒకటి సంపాదించాడు. దాన్ని పట్టుకుని ఆశన్న పొద్దున్నే కారులో పెళ్లికి వచ్చాడు. ఆశన్న వచ్చాడు గాని కార్డు రాలేదు.

"ఆశన్నా, నా డబ్బా ఏది?"

"ఏం చెప్పాలె మునీరూ! గీతలు పడతయని మావోడు రంగు కాగితం చుట్టిచ్చిండు. కారు దిగంగనే బాజాలోళ్లు చుట్టుముట్టిరి. మేనమామ వచ్చిండని హారతి పట్టిరి. నా చేతుల ఉన్నయన్నీ ఎవరో అందుకున్నరు. మల్ల చూస్తే లేదు."

మునీర్ చూపు వేదిక పక్కనున్న కానుకల కుప్ప మీద పడింది. అన్నీ రంగు కాగితాలే.

"గోపీ భాయ్, గా కుప్పల కలిసిందేమో?"

"చిన్నపోరల ఆలోచన! ఇది అంతర్జాతీయ ముఠా పని. దాని వేళ్లు సముద్రాల అవతల ఉన్నయి, కొమ్మలు కోటగిరిల ఉన్నయి."

మునీర్ వినకుండా మంజులత దగ్గరికి పరిగెత్తాడు. "మంజులక్కా, కానుకలు ఒక్కసారి విప్పి చూస్తమా?"

"పెండ్లి కాకముందే కానుకలు విప్పుతరా? మగపెండ్లోళ్లు చూస్తే ఎంత నామోషి! పో, పోయి నీ సినిమా చూసుకో."

కోటగిరి కొమ్మ అంటే చందర్. అక్కడ వీడియోలు తీస్తాడు, పెళ్లి భోజనానికి వచ్చాడు. అతని లాల్చీ జేబు ఉబ్బి ఉంది. గోపీచంద్ స్తంభం చాటు నుంచి స్తంభం చాటుకు పాకి, వెనక నుంచి ఆ జేబులో చెయ్యి పెట్టాడు. రెండు లడ్డూలు వచ్చాయి. సాక్ష్యం చెడిపోతుందని ఒకటి అక్కడే తినేశాడు.

"ఇగ మారువేషమే గతి!" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

మగపెళ్లివాళ్లు మహారాష్ట్రలోని దెగ్లూర్ నుంచి వచ్చారు. వాళ్లలో కలిసిపోవాలని తెల్ల టోపీ పెట్టి, బుంగమీసం అతికించి, ముందు వరుస సోఫాలో కూర్చున్నాడు. అనుమానితులను చూపుతోనే కరిగించాలని వచ్చేపోయేవాళ్లందరినీ గుడ్లురిమి చూడసాగాడు. అది మంజులత కంట పడింది.

"అన్నా, మర్యాదల ఏమన్న తక్కువైందా?"

గొంతు బయటపడుతుందని గోపీచంద్ ముఖం తిప్పుకున్నాడు.

"అయ్యో, ఆశన్నా! పెండ్లికొడుకు తరఫు పెద్దమనిషి అలిగిండు!"

మగపెళ్లివాళ్లు అలిగితే పెళ్లి ఆగినంత పని. ఆశన్న తువ్వాల తెచ్చి కప్పాడు. గోపీచంద్ తీసి పక్కన పడేశాడు. ధోవతుల జత తెచ్చాడు. చందర్ కనబడకుండా అడ్డమొచ్చారని గోపీచంద్ దాన్నీ తోసేశాడు. వద్దన్నకొద్దీ మర్యాద పెరిగింది. శాలువా వచ్చింది, మెడలో దండ పడింది. ఇంతలో చందర్ చేతులు కడుక్కోవడానికి బయటికి నడిచాడు. గోపీచంద్ దిగ్గున లేచాడు.

"పోతుండు, పోతుండు! ఆపుండ్రి!" మంజులత అడ్డం ఉరికింది. "బట్టలు అయిపోయినయి. గా కుప్పల నుంచి పెద్దది ఒకటి తే ఆశన్నా!"

గోపీచంద్ నుదుట బొట్టు పెట్టి, చేతుల్లో డబ్బా కుక్కి, నలుగురూ దండం పెట్టారు. మునీర్ చేత ఫొటో కూడా తీయించారు. కెమెరాలోంచి ఆ మీసం కింద ఎవరున్నారో చూసి మునీర్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

కాసేపటికి గోపీచంద్ వంటల దగ్గర టోపీ, శాలువా విసిరికొట్టాడు.

"నా పరిశోధన అంతా నాశనం చేసిండ్రు! గోడగడియారమో ఏమో ఇచ్చి గోపీచంద్‌ను కొనాలని చూస్తుండ్రు! చందర్ తప్పించుకున్నడు. ఇంద, నువ్వే పెట్టుకో!"

విసిరిన డబ్బా వంట గిన్నె అంచుకు తగిలి కాగితం చిరిగింది. మునీర్ వంగి చూశాడు. మిగతా కాగితం చింపేశాడు. లోపల గ్రాఫిక్స్ కార్డు. "యా అల్లా!" అని దాన్ని గుండెకు హత్తుకుని కింద కూలబడిపోయాడు.

గోపీచంద్ గొంతు సవరించుకున్నాడు. "నేను మొదటి నుంచీ అనుకున్నదే."

సాయంత్రం తెర మీద నిజాంసాగర్ కట్ట కనబడింది. ప్రియదర్శిని చున్నీ గాలికి లేచి తెరంతా పరుచుకుంటే హాలంతా ఈలలు. మంజులత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొద్దుటి నుంచి పట్టిన చెమట మునీర్‌కు అప్పుడు ఆరింది.

సినిమా అయిపోగానే మంజులత వచ్చింది. "మస్తు తీసినవ్ మునీరూ. కాని ఒక లొల్లి పడ్డది. అసలు పెండ్లికొడుకు పెదనాయిన ఇప్పుడు అలిగిండు. నన్ను ఇడిసిపెట్టి ఎవనికో బట్టలు పెట్టిండ్రని. గా మీసాలోడు ఎవడో తెలుస్తలేదు."

"అక్కా, ఫికర్ చెయ్యకు!" గోపీచంద్ ముందుకు దూకాడు. "గా దొంగను తెచ్చి నీ ముందర నిలబెడ్త. మీసం ఎంత పొడుగు ఉండె? యాడ కూసుండె? అన్నీ చెప్పు."

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. మీసం అతని కాలర్‌కు అంటుకుని ఇంకా వేలాడుతోంది. మునీర్ అతని భుజం మీద చెయ్యి వేసినట్టే వేసి దాన్ని పీకి జేబులో దాచుకున్నాడు.

"ఈ కేసు గోపీ భాయ్‌కే ఇయ్యి అక్కా" అన్నాడు. ఆ మీసాల పెద్దమనిషి ఈ జన్మలో దొరకకుండా ఉండాలంటే అంతకు మించిన ఉపాయం లేదు.