శభాష్ బడి

ఆ గురువారం ఉదయం లొరెటా వనెక్ పెట్టుకున్న పనులు రెండే. కాఫీని వేడిగా ఉండగానే తాగడం, సాయంత్రంలోపు విద్యా జిల్లా ఆఫీసుకు ఒక ఫారం పంపడం. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలకు ఆమె ప్రిన్సిపాల్‌గా వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో మొదటి పని ఒక్కసారి కూడా జరగలేదు కాబట్టి ఆశంతా రెండోదాని మీదే.

బడికి వచ్చిన అంకెను ఒప్పుకుంటూ సంతకం చేసే ఆ ఫారం కొత్తది. అంతకుముందు పరీక్ష మార్కులు చూసి బడి మంచిదో చెడ్డదో తేల్చేసేవారు. మార్కులు తగ్గితే పిలిచి తిట్టేవారు. తిడితే పిల్లలకు చదువు రాదని జిల్లా పెద్దలకు తెలియడానికి రెండేళ్లు, పద్నాలుగు మీటింగులు, బోలెడన్ని డోనట్లు పట్టాయి. ఇప్పుడు మార్కులు, పిల్లల హాజరు, టీచర్ల అభిప్రాయం, ఇంటివాళ్లు బడికి ఎంతగా వచ్చిపోతున్నారన్నదీ అన్నీ కలిపి నూటికి ఇంత అని లెక్క కడుతున్నారు. అరవై దాటితే శభాష్ అని గోడకు తగిలించుకునే పటం ఇస్తారు. అరవై లోపుంటే సాయం పంపుతారు.

లొరెటా బడికి యాభై నాలుగు. ఆ యాభై నాలుగు పుణ్యమా అని వచ్చిందే ట్రూడీ. చదవడం రాని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట మాటా పలికించే టీచరు. మూడో తరగతిలో పన్నెండు మంది ఇంకా వాక్యం చివరిదాకా వెళ్లలేక దారిలోనే చతికిలబడుతున్నారు. ట్రూడీ ఉంటే వేసవి సెలవుల్లోపు గట్టెక్కుతారు. ట్రూడీ ఉండాలంటే ఆ అంకె అరవై దాటకూడదు. లొరెటాకు కావలసింది అంతే.

కాఫీ కప్పు పెదాల దాకా వచ్చేసరికి ఆఫీసు గుమస్తా ఫిలిస్ తలుపులోంచి తల దూర్చింది.

"మేడమ్, మనకి అరవై మూడు వచ్చింది."

"నిన్న సాయంత్రం యాభై నాలుగేగా!"

"ఇంటివాళ్ల రాకపోకలు ఇవాళే కలిపారంట. మూణ్ణెల్లవీ ఒక్కసారే. మన గురువారాలు చూసి కంప్యూటర్ కళ్లు తిరిగినట్టుంది."

లొరెటా కప్పు కింద పెట్టింది. గురువారం అనగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది.

గురువారం బళ్లో భోజనం చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కారం పులుసు, పక్కన సినమన్ రోల్. కారం గిన్నె పక్కన తీపి రొట్టె ఏమిటని ఆ ఊళ్లో పుట్టినవాడెవడూ అడగడు. వంటావిడ చేసే రోల్ అరచేయంత ఉంటుంది, పైన చక్కెర పాకం కారుతూ ఉంటుంది. చలికాలం పొలం పని లేని ముసలి రైతులు పద్నాలుగు మంది పదకొండు కొట్టేసరికి బడి భోజనశాలలో దిగుతారు. లోపలికి రావాలంటే గుమ్మం దగ్గర మిషన్లో పేరు కొట్టి, ఎందుకొచ్చారో నొక్కి, స్టిక్కరు అంటించుకోవాలి. మిషన్ మీద మొదటి మీట 'కుటుంబం'. రెండోది 'పని'. మూడోదాకా చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

పన్నెండింటికి లొరెటా భోజనశాలకు వెళ్లి, వాళ్ల నాన్న స్నేహితుడు ఎల్డన్ ఎదురుగా నిలబడింది.

"బాబాయ్, నీ మనవడు ఈ బడి వదిలి పదకొండేళ్లయింది. కుటుంబం అని ఎందుకు నొక్కావ్?"

"పని అని నొక్కమంటావా? నేను పని చేసి ఎన్నాళ్లయిందో మీ పిన్నినడుగు."

"ఒక్కడివి మూడు స్టిక్కర్లేంటి మరి?"

"బయట చలి చూశావా అమ్మాయ్? మధ్యలో రెండుసార్లు పోయి ట్రక్కు ఇంజన్ గడ్డకట్టకుండా తిప్పిరావాలి. తిరిగొస్తే ఆ ఫిలిస్ కొత్త స్టిక్కరు లేందే తలుపు తియ్యదు."

"రూలు రూలే," అంది వెనకనించి ఫిలిస్, తన రోల్ నములుతూ.

లొరెటా గదికి వచ్చి జిల్లా ఆఫీసులో లెక్కలు చూసే కెండల్‌కు ఫోన్ చేసింది.

"మా అంకె తప్పండీ. ఎక్కువొచ్చింది. తగ్గించండి."

ఆరేళ్ల ఉద్యోగంలో కెండల్ ఆ మాట వినలేదు.

"లొరెటా గారూ, మీ వినయం చూస్తే..."

"వినయం కాదయ్యా, సినమన్ రోల్!"

"తిండితో అనుబంధం," అని కెండల్ పైకే చదువుకుంటూ రాసుకున్నాడు. "అద్భుతం! వచ్చే గురువారం మేం వచ్చి కళ్లారా చూస్తాం. ఫారం అప్పటిదాకా ఆపండి."

ఒక వారం దొరికింది కదా అని లొరెటా తెలివైన పని చేద్దామనుకుంది. తెలివైన పనులతోనే ఆమెకెప్పుడూ చిక్కు. వచ్చే గురువారం భోజనం పిల్లలకే, బయటివాళ్లు రావద్దని గుమ్మానికి కాగితం అంటించింది.

ఆ గురువారం తొమ్మిదిన్నరకే బడి ముందు ట్రక్కులు బారులు తీరాయి. పద్నాలుగు మంది ముసలాళ్లతో పాటు వాళ్ల భార్యలు, కొడుకులు, కోడళ్లు, పేరంట్స్ మీటింగుకి ఏనాడూ మొహం చూపించని తండ్రులు, మొత్తం తొంభై ఒక్కమంది దిగారు. అందరూ కోపంగా ఉన్నారు. అందరూ 'కుటుంబం' నొక్కారు. స్టిక్కర్ల చుట్ట అయిపోతే ఫిలిస్ ఇంకోటి ఎక్కించింది.

"మా అమ్మ ఇక్కడ ముప్ఫై ఏళ్లు వడ్డించింది!" అని ఎల్డన్ కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు. "ఇవాళ ఆమె కొడుకునే గుమ్మంలో ఆపుతారా?"

సరిగ్గా అప్పుడే కెండల్, వెనకాల ముగ్గురు అధికారులు వచ్చారు. వెనక జనం తోస్తుంటే కంగారులో వాళ్లూ మొదటి మీటే నొక్కారు. లోపలి జనాన్ని చూసి కెండల్‌కు కళ్లు చెమర్చాయి.

"మా మీటింగుకి తొమ్మిది మంది వస్తే పండగండీ. ఇంతమందిని ఎలా రప్పించారు?"

"వీళ్లు నన్ను తిట్టడానికొచ్చారు కెండల్!"

"వచ్చారు కదండీ. ఎందుకొచ్చారో మా లెక్కలో అడగం."

అంకె డెబ్బై ఒకటికి చేరింది. సోమవారం పటం వచ్చింది, మంగళవారం ట్రూడీ వెళ్లిపోయింది. పోతూ పోతూ పన్నెండు మంది నోటు పుస్తకాలు లొరెటా చేతిలో పెట్టి, "నా బల్ల సొరుగులో పెన్సిళ్లున్నాయి," అంది.

గురువారం లొరెటా పటం చంకన పెట్టుకుని భోజనశాలకు వెళ్లి, ఎల్డన్ పళ్లెం పక్కన ధన్‌మని పెట్టింది.

"ఇదిగో బాబాయ్, మీ కష్టార్జితం. ట్రూడీని తినేశారు అందరూ కలిసి. పాకం కూడా వదల్లేదు."

సంగతంతా విన్నాక ముసలాళ్లు చెంచాలు కింద పెట్టారు. ఎల్డన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"రోల్ తిన్నవాడు ఒక పిల్లకో పిల్లాడికో ఎదురుగా కూర్చుని, చదువుతుంటే వినాలి. రోజూ."

"నాకే సరిగ్గా చదవడం రాదే."

"వినడం వచ్చుగా?"

"చెవులూ అంతంతే."

"మంచిది. గట్టిగా చదువుతారు."

పిల్లల పక్కన కూర్చునేవాళ్లు మూడో మీట 'సేవ' నొక్కాలని ఫిలిస్ తేల్చింది. రూలు రూలే. ఎల్డన్‌కు మేబెల్ అనే పిల్ల దొరికింది. వాక్యం మధ్యలో ఆగి అతని మొహంలోకి చూడటం ఆ పిల్లకు అలవాటు. ఇంకో టీచరైతే మిగతాది తనే అందించేది. ఎల్డన్‌కు మిగతాది నిజంగానే తెలియదు.

"ఎలుగుబంటి గుహలోకి పోయిందా? పోయి?"

"మీరే చూడండి తాతా."

"కళ్లజోడు ట్రక్కులో ఉంది. చలి. నువ్వే చెప్పు, పోయి ఏం చేసింది?"

మేబెల్ విసుక్కుంటూ చివరిదాకా చదివింది. మర్నాడు ఇంకో పేజీ. ఎలుగుబంటి సంగతి తేలేదాకా ఎల్డన్ ఇంటికి వెళ్లనన్నాడు.

ఏప్రిల్లో కెండల్ నుంచి ఫోన్.

"లొరెటా గారూ, ఏమైందండీ? నలభై ఎనిమిది! మార్కుల గడిలో ఇంకా పోయినేడాదివే ఉన్నాయనుకోండి, కానీ కుటుంబాల రాక సున్నా! ఒక్కరంటే ఒక్కరు రావట్లేదా?"

"రోజూ వస్తున్నారు కెండల్. మూడో మీట నొక్కుతున్నారు."

"దానికి మా దగ్గర గడి లేదండీ," అన్నాడతను బాధగా. "భయపడకండి. సాయం పంపిస్తున్నాం."

మర్నాడు గురువారం ట్రూడీ రెండు సంచుల పుస్తకాలతో దిగింది. పన్నెండు మందినీ ఒక్కొక్కరినే పిలిచి చదవమంది. పదకొండు మంది ఆగకుండా చివరిదాకా వెళ్లారు. పన్నెండోవాడు తనకు దొరికిన ముసలి తాతను వదిలి రానన్నాడు. కథ మంచి పట్టులో ఉందట.

"ఇప్పుడు నేనేం చెయ్యను?" అంది ట్రూడీ.

"ఇవాళ గురువారం. కూర్చుని రోల్ తిను," అంది లొరెటా.

తర్వాత గదిలోకి వెళ్లి, చల్లారిన కాఫీ ఒక గుక్క తాగి, జిల్లా ఆఫీసు పంపిన కొత్త ఫారం తీసింది. 'ఈ పతనానికి కారణం' అన్న గడిలో, 'పిల్లలకు చదవడం వచ్చేసింది' అని రాసి పంపింది.